వంకర కాళ్ళ వీరుడు గరించా

బంతి ఆడే మన తమ్ముళ్ళందరికీ పీలే తెలుసు. పీలే పక్కన ఆడిన గరించా గురించి మేము నాలుగు మాటలు చెప్పదలిచాం.

1933లో బ్రెజిల్‌లోని పావు గ్రాండే అనే మిల్లు ఊళ్ళో పేదింట పుట్టాడు. రెండు కాళ్ళూ ఒకే వైపుకు వంకర, పైగా ఒకటి పొట్టి. చిన్నతనంలోనే బట్టల మిల్లులో పనికి చేరాడు. ఆ కాళ్ళతోనే 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచాడు. 1962లో పీలే గాయపడితే జట్టును గట్టెక్కించింది ఇతనే. వీరిద్దరూ కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు.

అయితే ఏళ్ళ తరబడి ఆటకు ఆ వంకర మోకాళ్ళు అరిగిపోయాయి. 1964లో ఆపరేషన్ అయ్యాక పాత వేగం తిరిగి రాలేదు. డబ్బూ నిలవలేదు. జీతం ఎంతో రాయని కాగితాల మీద బొటాఫోగో క్లబ్బుకు సంతకాలు పెట్టేవాడు మరి! ఇందులో అతని అమాయకత్వం కొంత, క్లబ్బు పెద్దల తెలివి మరింత అని మా అభిప్రాయం. కొన్నాళ్ళు ఇటలీలో బ్రెజిల్ కాఫీకి ప్రచారం చేశాడు. ఆట తప్ప మరో పని నేర్వని మనిషికి మద్యమే తోడైంది. అతని తండ్రినీ అదే బలి తీసుకుంది.

1973 డిసెంబరులో మరకానా స్టేడియంలో అతనికి వీడ్కోలు మ్యాచ్ జరిగింది. కాలేయం పాడై 1983 జనవరి 20న, 49 ఏళ్ళకే కన్నుమూశాడు. భౌతికకాయాన్ని మరకానా నుంచి పావు గ్రాండేకు తీసుకెళ్తుంటే దారి పొడవునా వేలాది జనం నిలబడ్డారు.