వైద్యాచార్యులు ఆచంట లక్ష్మీపతి

కృష్ణ చివరి భూములలో నీటికి కొదవ లేదు, మంచినీటికే కొదవ. దివిసీమలోనూ, బందరు చుట్టుప్రక్కలనూ నూయి త్రవ్వితే చాలచోట్ల ఉప్పునీరే పడుతుంది. కాలువ వచ్చినప్పుడు చెరువు నింపుకొని, ఆ నీటితోనే వేసవి గడుపుకొన్న గ్రామాలు గుడివాడ ప్రాంతంలోనూ ఎన్నో ఉండేవి. ఆ చెరువులోనే పశువులు దిగేవి. బట్టలూ అక్కడే ఉతికేవారు. కలరా తగిలితే అమ్మవారికి జాతర చేసేవారు. దోషం చెరువు నీటిలో ఉన్నదని వారి భాషలో వారికి నచ్చజెప్పేవారు అరుదు.

ఆ పనికి పూనుకొన్న తొలితరంవారిలో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ముఖ్యులు. 1880లో గోదావరి ప్రాంతంలో జన్మించి, బి.ఏ. అయిన పిమ్మట చెన్నపట్టణంలో ఎం.బి.సి.ఎం. పట్టం పొందారు. ఆ రోజులలో అంతటి పట్టం చేతికి వచ్చినవారు ఇంగ్లీషులో మందుచీటీలు వ్రాసుకొంటూ సుఖంగా కాలం వెళ్లబుచ్చవచ్చును. కొమర్రాజు లక్ష్మణరావుగారి స్నేహం ఆయనను అట్లా కూర్చోనీయలేదు. 1906లో హైదరాబాదులో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి 1908లో చెన్నపట్టణానికి తరలివచ్చింది. శాస్త్రాన్ని తెలుగులో చెప్పగలవారు ఆ మండలికి కావలసివచ్చారు. జీవశాస్త్రమూ, ఆరోగ్యమూ లక్ష్మీపతిగారి వంతుకు వచ్చాయి. 'జీవశాస్త్ర సంగ్రహము', 'అంటువ్యాధులు' ఆ కృషి ఫలాలే.

ఆ పని ఎంత కష్టమో తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నాబోటివాడు ఊహించగలడు. కంటికి కనబడని ప్రాణి ఒకటి మనిషిని చంపుతున్నదని చెప్పాలంటే ముందు దానికొక పేరు కావాలి. కలరా క్రిమిని కాక్ పండితుడు కలకత్తాలో పరిశీలించినది 1884లో. చలిజ్వరానికి మూలమైన జీవిని రాస్ దొర సికిందరాబాదులో దోమ కడుపున చూచినది 1897లో. పాశ్చాత్య వైద్యులకే అవి ఇంకా క్రొత్త సంగతులు. లక్ష్మీపతిగారి సంస్కృత సమాసాలు కొన్ని నేటి విద్యార్థులకు కొరుకుడు పడవు. నిజమే. కాని సూక్ష్మజీవి అన్న మాట ఈనాడు ప్రతి బడిపిల్లవాని నోటా వినిపిస్తున్నది. దానిని ముందుగా ఎవరు వాడారన్న వాదు నాకు పట్టదు. వాడుకలోకి తెచ్చిన గ్రంథాలలో ఆయనవి ఉన్నవి.

ఇంతటి నవీన వైద్యుడు ఆయుర్వేదం వైపు మొగ్గడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆయనకు ఆ దారి చూపినవారు బందరులో జన్మించిన పండిత దీవి గోపాలాచార్యులుగారు. చెన్నపట్టణ ఆయుర్వేద కళాశాలలో లక్ష్మీపతిగారు అధ్యాపకులై, పిమ్మట అధ్యక్షులైనారు. 'ఆయుర్వేద శిక్ష' అనే పెద్ద గ్రంథాన్ని సంపుటాలుగా వెలువరించారు. త్రిదోషాలనూ సూక్ష్మజీవులనూ ఒక్క త్రాట కట్టడం సాధ్యమా అన్న సందేహం నాకు నేటికీ తీరలేదు. అయితే రెండు శాస్త్రాలూ చదివి మాట్లాడినవారు ఎందరున్నారు?

ఆయన సతీమణి రుక్మిణీ లక్ష్మీపతిగారు 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యమంత్రి అయిన సంగతి పాఠకులెరుగుదురు.

ఆ కళాశాలలో ఆయన చేరదీసిన ఒక యువకుని గూర్చి చెప్పవలసి ఉన్నది. ఖద్దరు ధరించి దొర ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి. పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొని, సర్కారు వైద్యశాఖలో చోటు దొరకని యల్లాప్రగడ సుబ్బారావుకు శరీరశాస్త్రం బోధించే ఉద్యోగం ఇక్కడే దొరికింది. పిమ్మట ఆయన అమెరికా చేరారు. 1947లో ఆయన బృందం వెలువరించిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందైనది. దోమకాటుతో వ్యాపించే ఆ బోదకాలు మన డెల్టా పల్లెలలో ఇంటింటా ఎరిగినదే. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయనకు కొలువిచ్చిన లక్ష్మీపతిగారు 1962 వరకు జీవించారు.