ఒక్క సీసా.. 19 ప్రాణాలు! ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్‌పై నింద ఎలా పడింది?

కరోనా సమయంలో హాఫ్‌కిన్ అనే పేరు వార్తల్లో బాగా వినిపించింది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌ను ముంబైలోనూ తయారు చేసేందుకు 2021లో హాఫ్‌కిన్ సంస్థకు అనుమతి దక్కింది. ఇంతకీ ఎవరీ హాఫ్‌కిన్? ఆయన కనిపెట్టిన టీకా ఎందరినో కాపాడింది. కానీ అదే టీకా ఆయన్ను ఏళ్ల తరబడి దోషిగా నిలబెట్టింది.

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860లో ఒడెస్సాలో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. చదివింది జంతుశాస్త్రం, డాక్టర్ కాదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1892లో కలరా టీకా తయారు చేశారు. దాన్ని ముందుగా తన ఒంటి మీదే ప్రయోగించుకున్నారు. అయినా యూరప్‌లోని పెద్ద పెద్ద నిపుణులు చాలామంది నమ్మలేదు. దీంతో 1893లో ఇండియాకు వచ్చేశారు. కలకత్తా బస్తీల్లో ఒకే ఇంట్లో టీకా వేసుకున్నవారిని, వేసుకోనివారిని పోల్చి లెక్కలు తీశారు.

నెయ్యితో ప్లేగు టీకా

1896లో బొంబాయిని ప్లేగు వణికించింది. ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను పిలిపించింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఇచ్చిన కాస్త చోటులోనే పని మొదలైంది. మాంసం రసంపై నెయ్యి చుక్కలు వేసి ప్లేగు క్రిములను పెంచారు. తర్వాత వేడి చేసి చంపి టీకాగా మార్చారు. 1897 జనవరి 10న తానే మొదటి టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత బైకుల్లా జైలులో ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు.

ముల్కోవాల్‌లో ఏం జరిగింది?

1902లో పంజాబ్‌లో భారీగా టీకాలు వేయడం మొదలుపెట్టారు. అక్టోబర్ 30న ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి ఐదు సీసాల్లోని మందు ఇచ్చారు. వారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ 19 మందికీ మందు వెళ్లింది ఒకే సీసా నుంచి. మిగతా నాలుగు సీసాల మందు తీసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

మరి విషం ఎక్కడ కలిసింది? ల్యాబ్‌లోనా, ఊళ్లోనా? విచారణ కమిషన్ ల్యాబ్‌నే తప్పుపట్టింది. టీకాలో కార్బాలిక్ యాసిడ్ కలపడం మానేసి వేడితోనే క్రిములను చంపడాన్ని ఎత్తిచూపింది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. ఆయన డాక్టర్ కాదన్న మాట కూడా మళ్లీ తెరపైకి వచ్చింది. విచారణ పత్రాలు మాత్రం 1906 వరకు బయటకు రాలేదు.

పత్రాలు బయటకొచ్చాక కథ మారింది. సీసా మూత తీయడానికి వాడిన ఫోర్సెప్స్ ఆ రోజు నేలపై పడిందని, దాన్ని మంటలో కాల్చి శుభ్రం చేయకుండానే మళ్లీ వాడారని రికార్డుల్లోనే ఉంది. ధనుర్వాతం క్రిములు మట్టిలో ఉంటాయి. పైగా ఆ క్రిములు సీసాలో ముందే పెరిగి ఉంటే మందు దుర్వాసన రావాలి. మూత తీసినప్పుడు అలాంటి వాసనేమీ రాలేదు.

రంగంలోకి రోనాల్డ్ రాస్

సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించి నోబెల్ అందుకున్న రోనాల్డ్ రాస్ ఇక ఊరుకోలేదు. 1907లో లండన్ టైమ్స్ పత్రికకు వరుసగా లేఖలు రాశారు. పలువురు ప్రముఖ శాస్త్రవేత్తలు ఆయనతో గొంతు కలిపారు. చివరకు అదే ఏడాది ప్రభుత్వం దిగొచ్చి, హాఫ్‌కిన్‌ను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంది.

కానీ అప్పటికే ఐదేళ్లు గడిచిపోయాయి. తాను కట్టుకున్న బొంబాయి ల్యాబ్ పగ్గాలు ఆయనకు తిరిగి దక్కలేదు. కలకత్తాలో కొన్నేళ్లు పనిచేసి యూరప్ వెళ్లిపోయారు. 1925లో బొంబాయి ల్యాబ్‌కు ఆయన పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఆయన కన్నుమూశారు.

ముల్కోవాల్ కేసులో రెండు వైపులా ఉన్నది నిపుణులే. ఆధారాలు అధికారుల ఫైళ్లలో ఉన్నంతకాలం పదవిలో ఉన్నవారి మాటే నెగ్గింది. అవి జనం ముందుకొచ్చిన ఏడాదిలోపే ఆ తీర్పు తలకిందులైంది.