మూడు తీగల మనిషి

బీఈఈ ల్యాబ్‌లో స్టార్, డెల్టా కనెక్షన్లు ఇచ్చి, రీడింగులు పక్క బ్యాచ్ దగ్గర చూసి రాసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏసీ మోటార్ అంటే టెస్లా ఒక్కడే అనుకునేవాణ్ణి. కానీ మన ల్యాబ్‌లో తిరిగే త్రీఫేజ్ మోటార్‌కి ఇప్పుడున్న రూపం ఇచ్చింది మిఖాయిల్ దొలివో-దొబ్రొవోల్‌స్కీ. పేరు పలకడం కష్టమే, అందుకే దొలివో అందాం.

1862లో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర గాచినాలో పుట్టాడు. ఒడెస్సాలో స్కూలు, రీగా పాలిటెక్నిక్‌లో కాలేజీ. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య జరిగాక విద్యార్థుల మీద ప్రభుత్వం విరుచుకుపడింది. ఆ దెబ్బకి దొలివోని కూడా కాలేజీ నుంచి తీసేశారు. అప్పటికి ఆయనది దాదాపు మన వయసే. చదువు కోసం దేశమే వదలాల్సి వచ్చింది.

జర్మనీలో డార్మ్‌స్టాట్ చేరాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కి ప్రపంచంలోనే మొదటి ప్రొఫెసర్ ఎరాస్మస్ కిట్లర్ అక్కడే ఉండేవాడు. ఆయన దగ్గర చదివి, ఆయనకే అసిస్టెంట్ అయి, 1887లో బెర్లిన్‌లోని ఏఈజీ కంపెనీలో చేరాడు.

అసలు కథ ఆ తర్వాతి ఏడాది మొదలైంది. 1888లో ఇటలీలో గలీలియో ఫెరారిస్ అనే ప్రొఫెసర్, ఏసీతో తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని చూపించాడు. కానీ లెక్క వేసి, ఇలాంటి మోటార్ ఎఫిషియెన్సీ 50 శాతం దాటదు, కాబట్టి పెద్దగా పనికిరాదు అని తేల్చేశాడు. మనం చదివిన మాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థీరమ్ గుర్తు తెచ్చుకోండి. గరిష్ఠ పవర్ వచ్చే దగ్గర సగం వృథా పోతుంది, నిజమే. అయితే మోటార్‌ని ఆ పాయింట్ దగ్గరే నడపాలని ఎవరన్నారు? దొలివో పట్టుకున్నది ఇదే. రోటార్ రెసిస్టెన్స్ బాగా తగ్గిస్తే నష్టం తగ్గుతుంది కదా. ఇనుప రోటార్‌లో రాగి కడ్డీలు దూర్చి, రెండు చివర్లా రింగులతో కలిపేశాడు. అదే 1889 నాటి స్క్విరల్ కేజ్ మోటార్.

టెస్లా రెండు ఫేజులతో వెళ్తే, దొలివో మూడు తీసుకున్నాడు. బ్యాలెన్స్‌డ్ లోడ్‌లో మూడు కరెంట్లూ కలిపితే ఏ క్షణంలోనైనా సున్నా, అందుకే తిరుగు తీగ అక్కర్లేదు. మూడు తీగలు చాలు.

రెసిస్టెన్స్ తగ్గించడంలో ఒక చిక్కు ఉంది. ఆగి ఉన్న రోటార్, షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ లాంటిది. స్విచ్ వేయగానే మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంట్ లాగేస్తుంది, వేగం అందుకున్నాకే తగ్గుతుంది. దొలివో దీనికి రోటార్‌లో కూడా వైండింగ్ చుట్టి, స్లిప్ రింగుల ద్వారా బయటి రెసిస్టెన్స్ కలిపాడు. ఇప్పుడైతే చాలాచోట్ల స్టార్-డెల్టా స్టార్టరే. పొలం దగ్గర పెద్ద మోటార్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకి బాక్సులో టక్‌మంటుంది చూడండి, అదే. మొదట స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కి 400 బదులు 230 వోల్టులే అందుతాయి, లైన్ కరెంట్ మూడో వంతుకి పడిపోతుంది. టార్క్ కూడా మూడో వంతే, అందుకే నిండు లోడ్‌తో స్టార్ట్ చేస్తే కదలదు.

1891లో ఫ్రాంక్‌ఫర్ట్ ఎగ్జిబిషన్. అక్కడికి 175 కిలోమీటర్ల దూరంలో, నెకార్ నది మీది లాఫెన్ నుంచి త్రీఫేజ్ కరెంట్ తెస్తామన్నారు. అంతదూరం అంత కరెంట్ ఎవరూ పంపలేదు. దొలివో అప్పటిదాకా చేసినవి చిన్న మోటార్లే, ఇక్కడ మాత్రం 100 హార్స్‌పవర్‌ది నడవాలి, అదీ జనం ముందు. ఫెయిలైతే పోయేది ఆయన పరువు ఒక్కటే కాదు, త్రీఫేజ్ మీద నమ్మకం కూడా. ఆగస్టులో లైన్ కలిపారు. 15,000 వోల్టుల మీద కరెంట్ వచ్చింది, వెయ్యి బల్బులు వెలిగాయి. ఆయన మోటార్ పంపు తిప్పి ఒక కృత్రిమ జలపాతాన్ని దూకించింది. దారిలో పోయింది పావు వంతే.

తర్వాత కొన్నేళ్లు స్విట్జర్లాండ్‌లో ఉండి, మళ్లీ ఏఈజీకి వచ్చి అక్కడే డైరెక్టర్ అయ్యాడు. నాకు బాగా నచ్చింది చివరి రోజుల్లో ఆయన చెప్పిన మాట. చాలా దూరాలకి, ముఖ్యంగా కేబుళ్లలో, ఏసీకి హద్దు ఉందని, అక్కడ హై వోల్టేజ్ డీసీయే దారి అని వాదించాడు. ఏసీ కోసం జీవితమంతా పనిచేసిన మనిషి! 1919 నవంబరులో హైడెల్‌బర్గ్‌లో చనిపోయాడు. 1954లో స్వీడన్ నుంచి గాట్‌లాండ్ దీవికి సముద్రం అడుగున డీసీ కేబుల్ వేశారు.