శక్యార్థము - అనుజ్ఞ - సంభావన : వైయాకరణుడు ఆంద్రేస్ బెయ్యో జీవితము

స్పానిష్ భాషలో ‘పొదేర్’ అనే క్రియ ఒకటి కలదు. పిల్లవాడు ఈ బరువు ఎత్తగలడు అన్నా, మీరు లోపలికి రావచ్చు అన్నా, సాయంకాలం వాన కురియవచ్చు అన్నా ఆ భాషవారు ఈ ఒక్క క్రియనే ప్రయోగిస్తారు. తెలుగులో శక్తికి ‘కల’, అనుజ్ఞకూ సంభావనకూ ‘వచ్చు’ అని రెండు తెరగులున్నవి. పాణిని మహర్షి శక్యార్థంలో లిఙ్‌ను, కృత్యప్రత్యయాలను విధించి, అతిసర్గంలో కృత్యాలతోపాటు లోట్‌ను, సంభావనలో మరల లిఙ్‌ను విధించాడు. అర్థాలు మూడైనా రూపాలు ఒకదానిలోనికి ఒకటి చొచ్చుకొనిపోవడం అక్కడా కనబడుతుంది. ఇటువంటి భాషను లాటిన్ వ్యాకరణపు మూసలో పోయక, దాని ప్రయోగాన్నిబట్టియే పరిశీలించాలని పట్టుబట్టిన పండితుడు ఆంద్రేస్ బెయ్యో. మన పాఠశాలలలో ఆయన పేరు వినబడదు; దక్షిణ అమెరికాలో ఎరుగనివారు అరుదు.

ఆయన 1781 నవంబరు 29న వెనెజువేలాలోని కారకాస్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది, సంగీతజ్ఞుడు. వారి ఇంటి చెంతనున్న మెర్సెదారీ సన్న్యాసుల మఠంలో క్రిస్తోబాల్ దె కెసాదా అనే గురువు వద్ద లాటిన్ చదువుకొన్నాడు. గురుశిష్యులు వర్జిల్ మహాకావ్యంలోని పంచమ సర్గను అనువదిస్తూ ఉండగానే 1796లో గురువు గతించాడు. పాఠం మధ్యలో గురువును కోల్పోయినవారికి ఆ వెలితి ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1800లో పట్టం పుచ్చుకొన్నాడు. ఫ్రెంచి, ఆంగ్ల భాషలను స్వయంకృషితో నేర్చాడు. తనకన్న రెండేండ్లు చిన్నవాడైన సిమోన్ బొలీవార్‌కు కొద్దికాలం పాఠాలు చెప్పాడు. 1802 నుండి స్పెయిన్ రాజు ప్రతినిధి కొలువులో ఉద్యోగి. 1808లో అచ్చుయంత్రం రాగా కారకాస్ గెజెట్ పత్రికకు సంపాదకుడు.

1810లో కారకాస్ ప్రజలు రాజప్రతినిధిని తొలగించి సొంత సభను ఏర్పరచుకొన్నారు. ఆ సభ పక్షాన సహాయం కోరడానికి లండన్‌కు వెళ్ళిన ముగ్గురిలో బొలీవార్ ఒకడు, బెయ్యో ఒకడు. బొలీవార్ ఆ సంవత్సరమే తిరిగి వెళ్ళి యుద్ధంలో దిగాడు. బెయ్యో పందొమ్మిదేండ్లు అక్కడనే ఉండిపోయాడు. స్వదేశంలో ప్రభుత్వం కూలిపోవడంతో వేతనం నిలిచిపోయింది. అంతకంటె బాధాకరమైనది మరొకటి: విప్లవకారుల రహస్యాన్ని రాజప్రతినిధికి చేరవేసినవాడు ఆయనే అని ఒక నింద పుట్టింది. ఆధారం లేని ఈ అపవాదు ఆయనను ముదిమి వరకు వదలలేదు.

ఈ లండన్ కాలమే నా దృష్టిలో ఆయన జీవితానికి ఆయువుపట్టు. ట్యూషన్లు చెప్పుకొంటూ, బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో పాత కాస్టిలియన్ వీరగాథలను శోధించాడు. జేమ్స్ మిల్ కోరగా బెంథామ్ దుర్గమమైన చేవ్రాతను చదివి ఎత్తివ్రాసే పని చేశాడు. ఈ మిల్ ఎవరో మనవారికి తెలిసినదే. భారతదేశం చూడకయే, ఇచ్చటి భాషలు నేర్వకయే 1817లో భారతదేశ చరిత్రను వెలువరించినవాడు. ఒక భాషను దాని లోపలినుండియే చూడవలెనన్న పండితుడు అట్టివాని వద్ద ప్రతులు వ్రాసుకొని బ్రతుకవలసి రావడం విధివైచిత్రి. 1814లో పెండ్లాడిన మేరీ ఆన్ బాయ్‌లాండ్ 1821లో మరణించింది. 1824లో ఇసబెల్ డన్‌ను వివాహమాడాడు. మొత్తం పదిహేనుగురు సంతానంలో తొమ్మండుగురు ఆయన కన్నులయెదుటనే పోయారు.

1829 ఫిబ్రవరిలో చిలీ ప్రభుత్వపు పిలుపునందుకొని ఓడ ఎక్కాడు. ఆయనను పోనీయవద్దని బొలీవార్ వ్రాసిన లేఖ ఆ తరువాతగాని రాలేదు. జూన్ నెలలో వాల్పరాయిసో రేవులో దిగినపుడు ఆయనకు నలుబదియేడేండ్లు. ఆ వయస్సులో కొత్త దేశంలో ఆరంభించి, విదేశాంగ శాఖలో అధికారిగా, శాసనసభలో సెనేటరుగా పనిచేశాడు. 1843లో ప్రారంభోత్సవం జరిగిన చిలీ విశ్వవిద్యాలయానికి ప్రథమాధ్యక్షుడై మరణపర్యంతం ఆ పదవిలో ఉన్నాడు.

1842లో సర్మియెంతో అనే అర్జెంటీనా రచయితతో వాదం వచ్చింది. భాషకు కర్తలు ప్రజలేగాని వ్యాకరణవేత్తలు కారని సర్మియెంతో పక్షం. అందులో సత్యం లేకపోలేదు. మన పతంజలి కూడ శబ్దాలకోసం వైయాకరణుని ఇంటికి ఎవరూ పోరన్నాడు గదా. బెయ్యో భయం మాత్రం వేరు. రోమక సామ్రాజ్యం కూలిన పిదప లాటిన్ చీలిపోయినట్లు, కొత్త గణరాజ్యాలలో స్పానిష్ కూడ పరస్పరం తెలియని భాషలుగా చీలిపోవునేమోనని ఆయన దిగులు. 1847లో శాంతియాగోలో ప్రకటించిన వ్యాకరణాన్ని అందుకే అమెరికావాసుల ఉపయోగార్థమని పేర్కొన్నాడు. అయితే శిష్టవ్యవహారం సమ్మతించిన అమెరికా ప్రయోగాలకు, స్పెయిన్‌లోని ప్రాంతీయ ప్రయోగాలకున్నంత హక్కు కలదని అందులో స్పష్టపరచాడు.

ఆయన ప్రతిభకు గీటురాయి కాలవిచారము. 1841లో ప్రత్యేక గ్రంథంగా వచ్చిన ఈ విచారణకు బీజం కారకాస్‌లోనే పడినది. ప్రతి క్రియారూపానికి మూలార్థం, గౌణార్థం, లాక్షణికార్థం అని మూడంతస్తులు చెప్పాడు. అభిధాలక్షణలు చదివిన మనకు ఈ మార్గం కొత్త కాదు. ‘పొద్రీఅ’ రూపాన్ని చూడండి. గడచిన ఒక క్షణంనుండి చూచినపుడు రాబోయే శక్తిని చెప్పడం దాని మూలార్థం: వాడు రాగలనని అన్నాడు అనుచోట్ల వలె. దానికి ఆయన గతానంతరకాలమని అర్థమిచ్చే పేరు పెట్టి, నిశ్చయార్థక్రియల పంక్తిలోనే నిలిపాడు. మీరు కొంచెం జరుగగలరా అనే వినయం, రాగలిగితే బాగుండును అనే ఊహ, ఆ కాలార్థంనుండి లక్షణచే వచ్చినవే. ‘పొదీఅ’ అంటే అప్పుడు శక్తి ఉండినది, చేసెనో లేదో తెలియదు. ‘పుదొ’ అంటే చేయగలిగినాడు, చేసినాడు అన్న స్ఫురణ. ఒకే ధాతువు కాలభేదంచేత ఇంత భిన్నంగా పలుకుతుంది.

ఇదే సూక్ష్మదృష్టి ధర్మనిర్ణయానికీ పనికివచ్చింది. ఇరువదేండ్లకు పైబడి శ్రమించి వ్రాసిన చిలీ పౌరస్మృతి 1855 డిసెంబరు 14న శాసనమై, 1857 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. శాసనం ఆజ్ఞాపిస్తుంది, నిషేధిస్తుంది, లేదా అనుమతిస్తుంది అనే భావం దాని ప్రథమ నిబంధనలోనే ఉన్నది. విధి, నిషేధం, అనుజ్ఞ అనే ఈ త్రయం ధర్మశాస్త్రపాఠకులకు పరిచితమే. ఆ స్మృతిలో అనుజ్ఞ చెప్పదలచిన చోట్ల ‘పొదేర్’ క్రియయే నిలుస్తుంది. అక్కడ దానిని శక్తిగా చదివినా, సంభావనగా చదివినా మనుష్యుల ఆస్తిపాస్తులే తారుమారవుతాయి. ఈక్వడార్, కొలంబియా మొదలైన దేశాలు స్వల్పమార్పులతో ఆ స్మృతినే గ్రహించాయి.

లాటిన్ వ్యాకరణం రచించిన కుమారుడు ఫ్రాన్సిస్కో 1845లో మరణించగా, తండ్రి ఆ గ్రంథాన్ని దిద్ది పెంచి మరల అచ్చొత్తించాడు. 1851లో స్పానిష్ అకాడమీ ఆయనకు గౌరవసభ్యత్వమిచ్చింది. 1865 అక్టోబరు 15న శాంతియాగోలో దివంగతుడయ్యాడు. కారకాస్‌ను 1810 తరువాత మరల చూడలేదు. 1874లో కొలంబియా పండితుడు కుయెర్వో ఆయన వ్యాకరణానికి విపులమైన టిప్పణి కూర్చాడు. అకాడమీ మాత్రం 1917లో ‘పొద్రీఅ’ వంటి రూపాలను శక్యార్థకమనే పేర ప్రత్యేక రీతిగా వేరుచేసింది. 1973లో వెలువరించిన నూతన వ్యాకరణపు చిత్తుప్రతిలో ఆ రీతిని తొలగించి, వాటిని మరల బెయ్యో ఉంచిన నిశ్చయార్థక పంక్తిలోనికే చేర్చింది.