నాన్న కొలువు అనంతపురంలో.. కొడుకు వేసిన ప్రశ్న ప్రపంచమంతా! ఏఐ వేళ అలాన్ ట్యూరింగ్ కథ

ఏఐ హద్దు మీరితే ఎవరు ఆపాలి? ఇప్పుడు ఏ డిబేట్ పెట్టినా ఇదే గొడవ. అయితే ఈ భయం కొత్తదేం కాదు. విలియం గిబ్సన్ అనే రచయిత 1984లోనే న్యూరోమాన్సర్ నవలలో దీన్ని ఊహించేశారు. పెద్ద కంపెనీల రాజ్యం, హ్యాకర్లు, ముదిరిన టెక్నాలజీ, దిగజారిన బతుకులు.. సైబర్‌పంక్ అనే ట్రెండ్‌ను జనంలోకి తీసుకెళ్లింది ఈ పుస్తకమే. ఏఐలు గీత దాటకుండా చూసే ప్రత్యేక పోలీసులు అందులో ఉంటారు. వాళ్లే ట్యూరింగ్ పోలీసులు.

విచిత్రం ఏంటంటే, ఆ పేరున్న అసలు మనిషి బతుకును నాశనం చేసింది కూడా పోలీసు కేసే.

ఆయనే అలాన్ ట్యూరింగ్. మన సీమతో ఆయన కుటుంబానికి ఓ లింకు ఉంది. నాన్న జూలియస్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉద్యోగం. మొదట బళ్లారి, కర్నూలు, విశాఖ జిల్లాల్లో పనిచేశారు. 1907లో ఎథెల్ సారాతో పెళ్లయింది. ఆమె నాన్న మద్రాస్ రైల్వేలో చీఫ్ ఇంజినీర్. పెళ్లి తర్వాత కూడా బదిలీలే బదిలీలు.. పార్వతీపురం, విశాఖ, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు. రాప్తాడు నుంచి బండి మీద పది, పదిహేను నిమిషాల్లో చేరుకునే అదే అనంతపురంలో ఆ దంపతులు కొన్నాళ్లు కాపురం ఉన్నారన్నమాట. 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. 1912 జూన్ 23న లండన్‌లో అలాన్ పుట్టారు.

తర్వాత అమ్మానాన్న మళ్లీ ఇండియా బండెక్కారు. అలాన్‌ను, అన్న జాన్‌ను ఇంగ్లండ్‌లోనే ఓ రిటైర్డ్ కల్నల్ ఇంట్లో వదిలారు. మధ్యమధ్యలో అమ్మ వచ్చి వెళ్లేది. పిల్లాడి బాల్యం చాలావరకు అలాగే గడిచింది.

స్కూల్లో క్రిస్టఫర్ మోర్కమ్ అనే ప్రాణ స్నేహితుడు దొరికాడు. 1930లో అతను టీబీతో చనిపోయాడు. మనిషి పోయాక ఆ మనసు ఏమవుతుంది, అసలు మనసంటే ఏంటి అనే ఆలోచన అప్పుడే ట్యూరింగ్‌ను పట్టుకుంది. మరి ఆరేళ్లకు, 24 ఏళ్ల వయసులో, ఒకే మెషిన్‌కు రకరకాల పనులు చెప్పి చేయించొచ్చని లెక్కలతో నిరూపించారు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్ వెనక ఉన్నది ఆ ఐడియానే.

ఇక యుద్ధం. 1939 సెప్టెంబర్‌లో బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరారు. జర్మన్ల ఎనిగ్మా కోడ్‌ను ఛేదించే బాంబ్ అనే యంత్రాన్ని డిజైన్ చేశారు. అట్లాంటిక్‌లో ఓడల్ని ముంచేస్తున్న జర్మన్ సబ్‌మెరైన్ల సందేశాలు బ్రిటన్ చేతికి చిక్కాయి. ఇదంతా టాప్ సీక్రెట్. ఇంట్లో అమ్మకు కూడా చెప్పకూడదు.

1950లో ఆయన రాసిన ఓ వ్యాసం ఇప్పటి చర్చకు పునాది. మెషిన్ ఆలోచిస్తుందా అని వాదించుకునే బదులు ఓ ఆట ఆడదామన్నారు. అటువైపు ఉన్నది మనిషా, మెషినా.. టైప్ చేసే మాటల్ని బట్టి కనిపెట్టాలి. అదే ట్యూరింగ్ టెస్ట్. 2025లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు ఐదు నిమిషాల చాట్‌తో ఈ టెస్ట్ పెడితే, మనిషిలా నటించమని చెప్పిన జీపీటీ 4.5ను 73 శాతం సార్లు మనిషే అనుకున్నారు!

మెషిన్‌కు అంత ఓపిగ్గా పరీక్ష పెట్టిన మనిషిని ఆయన దేశం మాత్రం అలా చూడలేదు.

1952 జనవరిలో ట్యూరింగ్ ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయనే వెళ్లి పోలీసులకు చెప్పారు. విచారణలో ఓ యువకుడితో ఆయనకున్న సంబంధం బయటపడింది. అప్పటి బ్రిటన్‌లో అది నేరం. దొంగ సంగతి పక్కకెళ్లి, ఫిర్యాదు చేసిన మనిషే నిందితుడయ్యారు. జైలా, హార్మోన్ ట్రీట్‌మెంటా తేల్చుకోమంది కోర్టు. ఆయన రెండోది ఒప్పుకున్నారు. ఏడాది పాటు ఈస్ట్రోజెన్ ఇచ్చారు. శరీరం మారిపోయింది. యుద్ధంలో ఆదుకున్న కోడ్ బ్రేకింగ్ పనికి కూడా ఆయన్ని దూరం పెట్టారు.

1954 జూన్ 7న సైనైడ్ వల్ల చనిపోయారు. వయసు 41. ఆత్మహత్యేనని విచారణలో తేల్చారు.

బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2009లో. రాజ క్షమాభిక్ష వచ్చింది 2013లో. ఆ మాటకొస్తే మనకూ ఇంగ్లిష్ వాళ్లు అంటగట్టిన 377 సెక్షన్ ఉండేది. పరస్పర ఇష్టంతో ఉండే పెద్దలకు అది వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది 2018 సెప్టెంబర్ 6న! ఇంకో ముచ్చట.. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు, ఏఐలో చేసిన కృషికి 1994లో మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డికి దక్కింది.

ఇదంతా చూడ్డానికి ఎథెల్ సారా లేరు. కొడుకుది ఆత్మహత్య కాదని, కెమికల్స్‌తో ప్రయోగాలు చేస్తుంటే జరిగిన ప్రమాదమని ఆమె నమ్మకం. 1959లో కొడుకు జీవితాన్ని పుస్తకంగా రాశారు. బ్లెచ్లీ పార్క్ గుట్టు ఇంకా విప్పలేదు కాబట్టి ఎనిగ్మా కథ అందులో లేదు. ఆ రహస్యం లోకానికి తెలిసింది 1974లో. రెండేళ్లకు ఆమె కన్నుమూశారు.