తరిగొండ వెంగమాంబ

మన పట్టణములలో కళాశాలా విద్యార్థులు కొందఱు సాయంకాలమున అన్నపు పొట్లములు కట్టికొని, రైలు నిలయముల చెంతను చెట్లక్రిందను పరుండు నిరాశ్రయులకు పంచుచున్నారు. ఈ యువకులు చదువదగిన జీవితమొకటి తిరుపతి, చిత్తూరు సీమలోనే కలదు. అది తరిగొండ వెంగమాంబ జీవితము. ఆమెను భక్తురాలుగను కవయిత్రిగను లోకమెఱుంగును. మేమిందు ఆమె యన్నదానమును గూర్చియే ముఖ్యముగా వ్రాయుచున్నాము. ఏలయన, ఇతరులకు విస్తరి వేయుటకు ముందు ఆమె తన బ్రతుకుకొఱకే లోకముతో పోరాడవలసివచ్చెను.

వాయల్పాడునకు సమీపమున నున్న తరిగొండ గ్రామమున, సుమారు 1730వ సంవత్సరమున, నందవరీక బ్రాహ్మణ కుటుంబమున ఆమె జన్మించెను. తండ్రి కానాల కృష్ణయ్య; తల్లి మంగమాంబ. ఆమెను బాల్యముననే ఇంజేటి వేంకటాచలపతి యనువానికిచ్చి పెండ్లి చేసిరి. భర్త యనతికాలముననే గతించెను. ఆ కాలమున నట్టి బాలికకు విధింపబడిన బ్రతుకెట్టిదో చదువరులకు విస్తరించి చెప్పనక్కఱలేదు. తల గొఱిగించుకొనవలెను, శుభకార్యములకు ఎదురు రాగూడదు, దినమున కొక్కపూట తినవలెను, ఏకాదశినాడు అదియును మానవలెను. ఇంట గాదెనిండ ధాన్యమున్నను ఆ పిల్లకు మాత్రము ఆకలి శాస్త్రవిధి!

వెంగమాంబ దీనికి లోబడలేదు. వేంకటేశ్వరుడే తన భర్త యనియు, తాను సుమంగళినే యనియు చెప్పి, తల గొఱిగించుకొనుటకు నిరాకరించెను. ఊరివారు నిందించిరి. పీఠాధిపతి యెదుట ఆమెను నిలిపిరనియు, అచ్చట నేవో యద్భుతములు జరిగెననియు కథలు కలవు. వానిని మేమిచ్చట విడిచెదము. ఒక బాలవితంతువు పెద్దల యెదుట తలవంచకుండుటయే మాకు చాలినంత యద్భుతము. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. దేవుడే భర్త యను వాదమువలన ఆమెకు విడుదల కలిగెనేగాని, ఇంటింట మూలనున్న తక్కిన వితంతువులకు దానివలన దారి యేర్పడలేదు. వారికొఱకు 1856లో శాసనము పుట్టవలసివచ్చెను. ఆమె చనిపోయిన 64 సంవత్సరములకు, 1881 డిసెంబరు 11వ తేదీన, వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరుపవలసివచ్చెను.

మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రియొద్ద ఆమె యోగవిద్య నభ్యసించెను. తరిగొండ నృసింహ శతకముతో ఆరంభించి, యక్షగానములును, రాజయోగామృతసారము, వేంకటాచల మాహాత్మ్యము, వాసిష్ఠ రామాయణము, ద్విపద భాగవతము మున్నగు గ్రంథములును రచించెను. స్వగ్రామమును విడిచి తిరుమల చేరి, కడవఱకు అచ్చటనే వసించెను.

తిరుమలలో ఆమె నృసింహ జయంతి దినములలో యాత్రికులకు అన్నమును నీరును ఇచ్చు ఏర్పాటు చేసెనని చెప్పుదురు. ఆ పండుగ వైశాఖమున వచ్చును. రాయలసీమ వైశాఖపు టెండ యెట్టిదో ఎఱిగినవారికి ఆ నీటి విలువ తెలియును. మొదటి కనుమబాట 1944లో గాని ఏర్పడలేదు. అంతవఱకు యాత్రికుడు ఏడుకొండలను కాలినడకనో డోలీమీదనో యెక్కవలసినదే. ఆతడు తిను బియ్యమును, ఉప్పును, పప్పును ఎవరో ఆ మెట్లదారినే మోసికొనిపోవలెను. కాలమును మంచిది కాదు. 1780లో హైదరాలీ దండు కర్ణాటక సీమను పాడుచేసెను. 1791, 1792 సంవత్సరములలో దక్కనున గొప్ప కఱవు వచ్చెను. గుడి యాదాయము ఆర్కాటు నవాబునకును, 1801 మొదలు కుంపిణీవారికిని పోవుచుండెను. ఎక్కివచ్చిన బీదవానికి పిడికెడన్నము పెట్టుట పుణ్యాత్ముల పాలబడెను.

ఇందు మఱియొక విశేషము కలదు. పూర్వాచారపరులు సకేశియైన వితంతువు చేతి నీరైనను ముట్టెడివారు కారు. తల గొఱిగించుకొన్న విధవ వండిపెట్టవచ్చును. జుట్టున్న విధవ చేయి తగిలిన నన్నము మైలయని వారి మతము. అట్టి సకేశి అన్నము పెట్టుటకు పూనుకొనెను, ఆకలిగొన్నవారు తినిరి. శాస్త్రార్థములవలన తీరని తగవు విస్తరియొద్ద తీరెనని మా తలంపు. ఆమె గ్రంథములకంటె మేము దీనినే యెక్కువగా మెచ్చెదము; పండితులు మమ్ము క్షమింతురుగాక.

1817వ సంవత్సరమున, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు, ఆమె దేహము చాలించెను. ఆమె బృందావనము తిరుమలలో ఒక పాఠశాల యావరణమున నున్నది.

ఆమె పోయిన చాలకాలమునకు, 1985 ఏప్రిలు 6వ తేదీన, దేవస్థానమువారు దినమునకు రెండువేలమందికి ఉచిత భోజనమిడు పద్ధతిని ఆరంభించిరి. 2011లో తెఱవబడిన విశాలమైన భోజనశాలకు ఆమె పేరే పెట్టిరి. అందు పంక్తికి సుమారు నాలుగువేలమంది కూర్చుందురు. పూర్వపు సత్రములలో పెక్కింట కులమునుబట్టి పంక్తి వేఱగుచుండెను. ఇచ్చట నీ కులమేమని యడుగువారు లేరు. 2000వ సంవత్సరమున నేర్పడిన శ్రీవారి సేవయందు చేరిన స్త్రీపురుషులు జీతము కోరక వచ్చి వడ్డించుచున్నారు.

అయితే ఆ పంక్తి కొండమీదిది. నడువలేని వృద్ధులును, రోగులును, బిడ్డను చంకనిడికొని వీధిని పరుండు ఆడుదియును కొండక్రిందనే యుందురు. విద్యార్థుల పొట్లములు పోవలసిన చోటు అదియే.