ఆ చిన్న మాత్ర వెనక ఎల్లాప్రగడ

మైపాడు దగ్గర మా ఊళ్ళో ఏ పిల్ల నెల తప్పినా ముందుగా చేతిలో పడేది ఫోలిక్ యాసిడ్ మాత్ర. దాన్ని చూస్తే మా చెల్లెలే గుర్తొస్తుంది నాకు. దాని తొలిచూలు బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టి, మూడోరోజే పోయింది. గ్రహణంలో బయట తిరిగావని అందరూ దాన్నే అన్నారు. అదీ నమ్మింది. ఏళ్ళ తరబడి దానికి సరిగా నిద్ర లేదు, మొహాన నవ్వు లేదు.

ఆ మాత్ర వెనకున్న మనిషి ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని పదమూడేళ్ళప్పుడు ఇల్లొదిలి పారిపోతే, తల్లి వెంకమ్మ వెనక్కి లాక్కొచ్చి చదివించింది. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడిగి ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు.

అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి శుష్కించిపోయే రోగమది. సుబ్బారావుగారికీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం కాపాడింది. దానికి మందు కనిపెట్టాలన్న పంతంతో, మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. తండ్రి వాణ్ణి చూడనేలేదు, మళ్ళీ దేశానికి రానూ లేదు. ఆ ఇల్లాలి సంగతి వదిలేసి ఆయన గొప్పతనం మాత్రమే రాయడం నాకు చేతకాలేదు.

బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో పనిచేశారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ సంగతి బయటపెట్టారు. మన కండరాలకూ మెదడుకూ శక్తి అందించేవి ఇవే. డిప్రెషన్, బైపోలార్ జబ్బుల్లో మెదడు శక్తిని ఎలా వాడుతోందో స్కానింగ్‌తో పరిశీలించేవాళ్ళు ఇప్పుడు వీటినే కొలుస్తున్నారు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. మన తీరంలో బోదకాలుకిచ్చే డి.ఇ.సి. మాత్రా వాళ్ళదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలోనే కన్నుమూశారు.

అసలు సంగతి ఆయన పోయాక బయటపడింది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే ఈ మాత్ర ఇస్తే, మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం 28 రోజుల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆలస్యం! అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందునుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకు ఎక్కువ మోతాదు కావాలి, డాక్టరునడగాలి. ఫోలేట్ తక్కువున్నవాళ్ళలో దిగులు జబ్బు ఎక్కువగా కనిపిస్తోందనీ పరిశోధకులంటున్నారు. అయితే దానికి ఈ మాత్రొక్కటే మందు కాదు సుమా.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. నీ బిడ్డకు ఎందుకలా అయిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ, గ్రహణం వల్ల మాత్రం కాదే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. మొన్న దాని కూతురికి పెళ్ళి కుదిరింది. సామాన్ల జాబితాలో పసుపు, కుంకుమల కింద ఆ మాత్రల పేరు తనే రాయించింది.